పైపు తీయని కుళాయి

ఆ వీధిలో ఉన్నవి ఆరిళ్లు. ఆరిళ్లకీ బయటి గోడకున్న కుళాయిలు ఆర్వో కంగాస్ బిగించినవే. ముప్పై నాలుగేళ్లు ఇనుప గనిలో పైపుల పని చేసి రిటైరైన మనిషి. చేతులు ఊరికే ఉండనివ్వక, ఒక్కో ఇంటి పాత కుళాయీ పీకేసి, చలికి తట్టుకునే పొడుగు కుళాయి పెట్టుకుంటూ వచ్చాడు. వాటిని తిప్పే చక్రం బయట ఉంటుంది గానీ నీళ్లు ఆగే చోటు మూరెడు లోపల, ఇంటి కింది సెల్లార్ వెచ్చదనంలో ఉంటుంది. కట్టెయ్యగానే గొట్టంలో మిగిలిన నీళ్లు బయటికి జారిపోతాయి. ఇక గడ్డకట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. ఒక్కటే షరతు. చలి ముదిరేలోపు కుళాయికి తగిలించిన రబ్బరు పైపు తీసెయ్యాలి. తీయకపోతే నీళ్లు జారే దారి ఉండదు. లోపలే గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాన్ని చీల్చేస్తాయి. చీలిన సంగతి చలికాలమంతా ఎవరికీ తెలియదు. ఏప్రిల్లో కుళాయి తిప్పిన రోజున తెలుస్తుంది.

ఈ మాట ఆర్వో ఏటా అక్టోబరులో ఆరు గుమ్మాల ముందూ నిలబడి చెప్పేవాడు. చెప్పి ఊరుకునే రకం కాదు. ఇంటి చుట్టూ తిరిగి, వంగి చూసి మరీ వెళ్లేవాడు.

ఆయన మాట ఎక్కువగా పడేది పక్కింటి కొలీన్ ట్రూడెల్. నలభై ఎనిమిదేళ్ల మనిషి, స్కూలు బస్సు నడుపుతుంది. తొమ్మిదేళ్ల కిందట దక్షిణాది నుంచి, మంచు అంటే పండక్కి నాలుగు రోజులు పడి కరిగిపోయేదనుకునే ఊరి నుంచి వచ్చి, ఈ చివరి ఇల్లు కొనుక్కుంది. మొదటి చలికాలమే పైపు తీయడం మర్చిపోయి కుళాయి పగలగొట్టుకుంది. ఆర్వో వచ్చి బాగుచేశాడు. డబ్బు పుచ్చుకోలేదు గానీ, ఏటా పదిమందిలో ఆ కథ చెప్పి బాకీ వసూలు చేసుకుంటూనే ఉన్నాడు.

కిందటి అక్టోబరు నడిమధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం ఆర్వో తన కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని పైపు విప్పుతున్నాడు. ఆ కుళాయి కొలీన్ వంటింటి కిటికీకి ఎదురుగోడన ఉంది. అటువైపు ఆయన ఇంటికి తలుపూ లేదు, కిటికీ లేదు. రెండు చుట్లు తిప్పాడో లేదో కొలీన్ కేకేసింది.

"ఆర్వో! ఒక్కసారి ఇటు రారూ? నా పైపు ఊడి రావడం లేదు. ఇత్తడి మూతి కరుచుకుపోయింది."

"నువ్వు కొన్న పైపు కదా, నీలాగే మొండిది," అంటూ ఆయన లేచి, పానా పట్టుకుని వచ్చాడు. అరగంట పెనుగులాడాడు. తన తాతల ఫిన్నిష్ భాషలో ఆ పైపుని నానా తిట్లూ తిట్టాడు. చివరికి హాక్సా బ్లేడు తెప్పించి, కుళాయి మరలకి గీత పడకుండా ఇత్తడి మూతిని ఏటవాలుగా కోసి ఊడబెరికాడు. అదే సమయానికి ఆయన భార్య ఐలి వాకిట్లోకి వచ్చి, కాఫీ చల్లారిపోతోందని చెయ్యి ఊపింది. ఆర్వో పానా జేబులో దోపుకుని, కొలీన్ వాకిలి మీదుగానే తన ఇంట్లోకి నడిచాడు.

అక్టోబరు ఆఖరి ఆదివారం అగ్నిమాపక దళం వాళ్ల షెడ్డులో ఊరంతటికీ పాన్‌కేకుల విందు. కొలీన్ బస్సెక్కే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆర్వో సిరప్ సీసా అందుకుంటూ మొదలెట్టాడు.

"ఈవిడ చేతిలో మీరంతా యాభై మంది పిల్లల్ని పెట్టారు. ఒక్క రబ్బరు పైపు పెడితే ఏమవుతుందో నన్నడగండి."

బల్ల బల్లంతా నవ్వింది. కొలీన్ కూడా నవ్వింది. నవ్వి, ఇంటికెళ్లి, చాలాసేపు గిన్నెలు తోముతూ నిలబడింది. తొమ్మిదేళ్లుగా, మంచులో, కొండ మలుపుల్లో, బస్సుకి గీతయినా పడకుండా నడిపింది. ఆ సంగతి ఎవరూ కథగా చెప్పరు.

నవంబరు ఆరో తారీఖున పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తే, ఎదురుగోడకి ఆర్వో కుళాయి కనిపించింది. దానికి ఆకుపచ్చ పైపు ఇంకా వేలాడుతూనే ఉంది. మెలికలు తిరిగి గడ్డిలో పడి ఉంది.

నేల ఇంకా గట్టిపడలేదు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కొలీన్ కిటికీ గడియ మీద చెయ్యి వేసింది కూడా. 'ఆయనకి తెలియదా ఏమిటి, ఇవాళో రేపో తీసుకుంటాడు' అనుకుంది. దాని వెనకే ఇంకో మాట వచ్చింది. 'తీసుకోకపోతే తీసుకోకపోనీ. వచ్చే ఏడు విందులో నాకూ చెప్పుకోడానికి ఓ కథ ఉంటుంది.' చెయ్యి వెనక్కి తీసుకుని బస్సు తాళాలు అందుకుంది.

ఆ సాయంత్రం మొదలైన మంచు మూడు రోజులు ఆగకుండా పడింది. పైపు మాయమైంది, కుళాయి మాయమైంది. డిసెంబరుకల్లా ఆ గోడ సగం వరకూ మంచే. కొలీన్ ఆ సంగతి నిజంగానే మర్చిపోయింది.

*

ఏప్రిల్ మూడో వారానికి గడ్డి తేలింది. రోడ్ల మీద చల్లిన ఉప్పంతా కారుకి పట్టిందని, ఓ శనివారం ఆర్వో కారు కడగడానికి సిద్ధమయ్యాడు. పైపు తగిలించే ఉంది. ఐలి తగిలించి ఉంటుందనుకుని, దాని అటు చివర వెతికి పట్టుకుని, కుళాయి తిప్పి, కారు దగ్గరికి నడిచాడు. చలికాలమంతా వాడని పైపు కదా, ధార సన్నగానే వస్తుందిలే అనుకున్నాడు. బానెట్టు, తలుపులు, చక్రాలు, అన్నీ తీరిగ్గా కడిగాడు. ముప్పావుగంట పట్టింది.

ఆ ముప్పావుగంటా నీళ్లు గోడ లోపల నుంచి సెల్లార్‌లోకి పడుతున్నాయి. సరిగ్గా ఆ గోడ కిందే ఐలి మగ్గం. పాత చొక్కాలు, దుప్పట్లు పేలికలుగా చింపి, ఉండలు చుట్టి, చలికాలమంతా తివాచీలు నేస్తుంది ఆవిడ. మగ్గం మీద సగం నేసిన తివాచీ ఉంది. గంపల్లో రంగురంగుల ఉండలు వందకి పైగా ఉన్నాయి. అన్నీ తడిసి ముద్దయ్యాయి.

ఐలి కేక విని కొలీన్ కూడా పరిగెత్తింది. ముగ్గురూ కలిసి గంపలు పైకి మోశారు, బకెట్లతో నీళ్లెత్తి పోశారు. ఐలి ఉండలు విప్పి, ఆ పొడుగాటి పేలికలన్నీ దండెం మీద వేసింది. దండెం చాలక కంచె మీద, కంచె చాలక ఆపిల్ చెట్టు కొమ్మల మీద వేసింది. ఎరుపు నీలంలోకి దిగింది, నీలం తెలుపులోకి దిగింది.

ఆర్వో మాత్రం సెల్లార్ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"తీశాను," అన్నాడు మెల్లగా. "పైపు తీశాను నేను. నాకు బాగా గుర్తుంది. ఈ చేతులతోనే తీశాను."

"పోనీలెండి, అయిందేదో అయింది," అంది కొలీన్. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నవంబరు నాటి కిటికీ కళ్లముందు నిలిచింది. ఆ సంగతి చెప్పకుండా ఖాళీ బకెట్లు పైకి మోసుకెళ్లింది.

ఆ తర్వాత వారం రోజులు ఆర్వో ఎవరింటికీ వెళ్లలేదు. చీలిన కుళాయిని విప్పనైనా లేదు. సెల్లార్‌లో ఆ గోడకి వచ్చే నీళ్లు కట్టేసి వదిలేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొలీన్ బస్సు దిగి వస్తుంటే, ఐలి దండెం మీంచి ఆరిన పేలికలు తీస్తోంది. కొలీన్ వెళ్లి రెండో చివర పట్టుకుంది.

"కారు తాళాలు నా చేతిలో పెట్టాడే," అంది ఐలి. "ఇక నడపడట. మార్కెట్‌లో పెద్దాసుపత్రికి అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాడు, మెదడు చూపించుకోడానికి."

మార్కెట్ అంటే ఆ ఊళ్లో వాళ్లకి సంత కాదు, గంట దూరంలో సరస్సు ఒడ్డునున్న పట్నం పేరు.

"ఒక్క పైపు మర్చిపోయినందుకా?"

"మర్చిపోయినందుకు కాదు. తీసినట్టు గుర్తుండటమే ఆయనకి భయం. వాళ్లన్న ఉర్హోకి అలాగే మొదలైంది. జరగనివన్నీ జరిగినట్టు చెప్పేవాడు. చివరికి సొంతింటి వాకిట్లో నిలబడి, ఈ ఇల్లెవరిదని అడిగాడు." ఐలి పేలికని మోచేతికి చుట్టుకుంటూ ఆగింది. "నిన్న ఆర్వో నన్నడిగాడు, నేను నిజంగా నలభై మూడేళ్ల కిందట ఈ గోడ కట్టానా, లేక కట్టినట్టు అనుకుంటున్నానా అని."

కొలీన్‌కి అప్పుడు వెలిగింది. తీసినట్టు గుర్తుండటం అబద్ధం కాదు. ఆయన తీశాడు. తీసింది తన పైపు కాదు, కొలీన్ పైపు. అరగంట పెనుగులాడి, చేతులు నొప్పి పుట్టేలా తీశాడు. ఆ నొప్పి గుర్తుంది, ఎవరి గోడో గుర్తులేదు. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే.

*

మర్నాడు పొద్దున కొలీన్ ఆర్వో వాళ్ల గరాజుకి వెళ్లింది. ఆర్వో బల్ల ముందు కూర్చుని మేకుల డబ్బాలు సర్దుతున్నాడు. సర్దినవే మళ్లీ సర్దుతున్నాడు.

"మీకొకటి చెప్పాలి," అంది.

"చెప్పు."

అక్టోబరు శనివారం సంగతి మొత్తం చెప్పింది. రెండు చుట్లు తిప్పి వదిలేసి రావడం, కరుచుకుపోయిన మూతి, బ్లేడు, ఐలి పిలుపు, ఏదీ వదల్లేదు. ఆర్వో తలెత్తకుండా విన్నాడు.

"ఐలి పంపిందా నిన్ను?"

"లేదు."

"మంచిదానివే. ముసలాడి మనసు కుదుటపడాలని కథ అల్లుకొచ్చావ్. నాకు పిల్లలకి చెప్పే కథలొద్దు, తల్లీ."

"కథ కాదండీ బాబూ!"

"మా అన్నకి కూడా అందరూ ఇలాగే చెప్పేవాళ్లం. నువ్వన్నది నిజమేలే ఉర్హో, నిజమేలే అని."

కొలీన్ ఇంటికెళ్లి, తన గరాజు మూలనున్న పైపు చుట్ట మోసుకొచ్చి ఆయన బల్ల మీద పడేసింది. ఇత్తడి మూతి సగం తెగి ఉంది. ఏటవాలు కోత, మరల అంచున సన్నగా ఆగిపోయింది. ఆర్వో కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. బొటనవేలితో తడిమాడు.

"ఇంత శుభ్రంగా నువ్వు కొయ్యలేవు," అన్నాడు.

"నాకు బ్లేడు పట్టుకోవడమే రాదు."

"నేనే కోశాను." ఆయన భుజాలు కిందికి దిగాయి. ఒక క్షణం కొలీన్‌కి ఆయన ఏడుస్తాడేమో అనిపించింది. ఏడవలేదు. "అయితే నా పైపు వదిలేసి వచ్చింది నీ కోసమా!"

అక్కడితో ఆపి ఉంటే కొలీన్‌కి కాఫీ దొరికేది. కానీ సగం చెప్పి వెళ్లడం ఆవిడకి చేతకాలేదు.

"ఇంకోటి కూడా ఉంది. నవంబరు ఆరున మీ పైపు అలాగే ఉండటం చూశాను. మంచు పడకముందే. మా వంటింటి కిటికీలోంచి."

ఆర్వో కళ్లద్దాలు తీశాడు. "చూసి?"

"ఊరుకున్నాను."

"ఊరుకున్నావు." ఆయన మొహంలోకి రక్తం ఎక్కింది. "నవంబరు ఆరు. ఇవాళ ఏప్రిల్ ఇరవై ఏడు. ఈ మధ్యలో మా ఇంట్లో ఎన్ని కాఫీలు తాగావ్?"

"చాలా."

"ఐలి యాలకుల రొట్టె ఎన్నిసార్లు తిన్నావ్?"

"ఆర్వో..."

"పో ఇంటికి! ఆ పైపు కూడా పట్టుకుపో!"

కొలీన్ పైపు చుట్ట భుజానేసుకుని వచ్చేసింది. మధ్యాహ్నం కంచె దగ్గర ఐలి కనిపించి నవ్వింది. "ఏం చేశావో గానీ, ఇల్లంతా తొక్కుకుంటూ తిరుగుతున్నాడు. తలుపులు దబదబా వేస్తున్నాడు. వారం నుంచి శవంలా ఉన్నాడు. ఇప్పుడు నయం."

కొలీన్ ఆవిడకి కూడా అంతా చెప్పింది. ఐలి నవ్వు ఆగిపోయింది.

"ఆ తివాచీ మా అక్క కూతురి పెళ్లికి," అంది. "పడుగంతా పాడైపోయింది. మళ్లీ మొదలెట్టాలి." ఆ తర్వాత అంది, "పేలికలు చింపడానికి రా, రేపట్నుంచి. ఊరికే సారీ చెప్పి పోదామనుకోకు."

కొలీన్ వెళ్లింది. ఐదు రోజులు, బస్సు పని అయ్యాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాత దుప్పట్లు చింపింది. ఆర్వో ఆ గదిలోకి వచ్చేవాడు, నీళ్లు తాగేవాడు, ఆవిడ అక్కడ లేనట్టే వెళ్లిపోయేవాడు. ఆరో రోజు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నీ మోకాళ్లు పనిచేస్తాయా?"

"పనిచేస్తాయి."

"భుజాలు?"

"అవీ."

"నా కుడి భుజం పైకి లేవదు. లేచి రా. కుళాయి మార్చాలి."

*

పాత కుళాయి ఊడాలంటే ఒకరు సెల్లార్‌లో నిచ్చెనెక్కి పైకప్పు దగ్గరున్న కీలు విప్పాలి. ఇంకొకరు బయట కుళాయి తిరిగిపోకుండా పట్టుకోవాలి. కొలీన్ లోపల, ఆర్వో బయట. కీలు వదిలాక ఆయన బయట నుంచి లాగాడు. గోడలో ఓ గుండ్రటి కంత మిగిలింది. అందులోంచి వెలుతురు కర్రలా వచ్చి కొలీన్ చేతి మీద పడింది. దాని వెంటే ఆర్వో వేళ్లు, ఆ వేళ్లలో ఊడదీసిన ఇత్తడి గొట్టం.

"చూశావా చీలిక? గోరంత లేదు."

చూసింది. నిజంగానే గోరంత. దాంతోనే అన్ని గంపలు తడిశాయి.

"కొత్తదానికి తెల్ల టేపు చుట్టాను. పట్టుకో. కుడికి తిప్పు. కుడికి! బస్సు కూడా ఇలాగే నడుపుతావా?"

కొలీన్ తిప్పుతూ, గొట్టం చుట్టూ మిగిలిన సందుకి నోరు దగ్గర పెట్టి అంది. ఆయన మొహం కనిపించకపోవడం వల్ల కాబోలు, మాట తేలిగ్గా వచ్చింది. "ఆ పాన్‌కేకుల రోజున మీరు నన్ను నవ్వులపాలు చేశారు. నాకు కష్టమేసింది. అందుకే చెప్పలేదు."

"ఏంటీ?"

"కష్టమేసిందంటున్నా!"

"బిగిసిందా? అప్పుడేనా?"

"బిగియడం కాదు! కష్టం! మీరు నన్ను ఆట పట్టించారని కసి!"

"గట్టిగా చెప్పవే, గోడ అడ్డుంది!"

కొలీన్ ఊపిరి పీల్చుకుని, సెల్లార్ అదిరేలా అరిచింది. "మీరు అందరి ముందూ నన్ను ఎగతాళి చేశారు! నాకు కసి పుట్టింది! మీ కుళాయి పగిలితే బాగుండనుకున్నా! నాది తప్పు! క్షమించండి!"

ఎదురింట్లో ఎవరో ఆకులు ఊడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. కొలీన్ నిచ్చెన మీదే నిలబడి పానా పట్టుకుని చూస్తోంది. కాసేపటికి కంతలోంచి ఆర్వో గొంతు వచ్చింది. ఈసారి మామూలుగా ఉంది.

"ఆ కథ ఎన్నిసార్లు చెప్పానంటావ్?"

"తొమ్మిదేళ్లలో? లెక్కలేదు."

"ఏంటీ?"

"చాలాసార్లు!"

"ఊఁ. ఇక చెప్పన్లే. ఇంకో సగం చుట్టు తిప్పు. అంతే. చాలు."

నీళ్లు వదిలి చూశారు. కీలు దగ్గర బొట్టు కూడా కారలేదు. కొలీన్ పొడిబట్టతో రెండుసార్లు తుడిచి చూసింది. ఆర్వో మెట్లు దిగి వచ్చి తనూ వేలితో తడిమాడు. పొడిగానే ఉంది. "పర్లేదు," అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాట.

ఐలి బంగాళదుంపలూ మాంసమూ కూరి, కజ్జికాయల్లా మడిచిన పేస్టీలు చేసింది. ముగ్గురూ వంటింట్లో తిన్నారు. ఆర్వో కొలీన్ ముందుకి టొమాటో సాసు జరిపాడు, అడక్కుండానే.

*

మార్కెట్ ప్రయాణం మానుకుంటానన్నాడు ఆర్వో. పైపు లెక్క తేలింది గదా, ఇక డాక్టరెందుకని. ఐలి ఒప్పుకోలేదు. తాళాలు తన జేబులోనే ఉన్నాయని గుర్తుచేసింది. మే నెల మధ్యలో కొలీనే ఇద్దర్నీ తన కారులో తీసుకెళ్లింది. వెయిటింగ్ హాల్లో గంటన్నర కూర్చుంది.

ఆర్వో బయటికి వచ్చేసరికి మూతి ముడుచుకుని ఉన్నాడు. ఐలి వెనక నవ్వాపుకుంటోంది.

"ఏమన్నారు?" అంది కొలీన్.

"బుర్ర వయసుకి తగ్గట్టే ఉందట," అంది ఐలి. "బొమ్మలు చూపించి పేర్లడిగితే అన్నీ చెప్పాడట. మాటలు చెప్పి మళ్లీ చెప్పమంటే మాత్రం సగం తప్పాడట. ఎందుకా అని చూస్తే, అసలు వినబడితేగా! గనిలో ముప్పై నాలుగేళ్ల మోతకి రెండు చెవులూ పోయాయి. నేను ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నా."

"నువ్వెప్పుడు మొత్తుకున్నావ్?" అన్నాడు ఆర్వో.

కొలీన్, ఐలి ఒకళ్లనొకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు. ఆయనకి కారు ఎక్కేదాకా అర్థం కాలేదు.

చెవి మిషన్లు వచ్చేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. అవి పెట్టుకున్న మొదటి సాయంత్రం, ఇంకా పొద్దు ఉండగానే, ఆర్వో వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కొలీన్ చింపిన పేలికల మూట ఐలికిచ్చి వెళుతూ ఆగింది.

"అదేంటా గోల?" అన్నాడు ఆయన, ఇళ్ల వెనకున్న చిత్తడి నేల వైపు చూపిస్తూ.

"కప్పలు."

"ఇన్నా? ఈ ఏడే వచ్చాయా?"

"నేనొచ్చినప్పట్నుంచీ ఉన్నాయి, ఆర్వో. వసంతమంతా ఇంతే. నాకు మొదట్లో నిద్రే పట్టేది కాదు."

ఆయన నమ్మలేనట్టు తల ఓ పక్కకి వంచి విన్నాడు. కుడి చెవి మిషను తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రెండింటికీ తేడా ఎంతో చూసుకున్నాడు.

"కూర్చో," అన్నాడు కాస్త పక్కకి జరిగి. "ఐలీ! ఇంకో కప్పు తీసుకురా!"

"నేనేం చెవిటిదాన్ని కాదు, అంత అరవక్కర్లేదు," అంది ఐలి లోపల్నుంచి.

కొలీన్ మెట్టు మీద కూర్చుంది.